పాత హాట్ రాడ్‌కి చప్పుడు తక్కువ, చూడ్డానికి అందంగా ఉండే ఎగ్జాస్ట్ వేసుకోవడం ఎలా: మానిఫోల్డ్ నుంచి టిప్ దాకా

హాట్ రాడ్, అంటే పాత కారుకి గట్టి ఇంజిన్ పెట్టి మార్చుకున్న బండి, చెవులు చిల్లులు పడేలా అరవాల్సిందే అని చాలామంది అనుకుంటారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. పక్క సీట్లో కూర్చున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడలేకపోతే ఆ కారు రెండు ఆదివారాలు బయటికి తీస్తారు, తర్వాత కవరు కప్పుకుని గ్యారేజీలోనే ఉండిపోతుంది. మన దగ్గర బుల్లెట్ సైలెన్సర్లు పీకించి పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు చూసే ఉంటారు, అమెరికాలో అంత తంతు లేదు గానీ కాలిఫోర్నియాలో మామూలు కార్లకి 95 డెసిబెల్స్ దాటకూడదని చట్టంలోనే రాసి ఉంది. అయినా చట్టం సంగతి తర్వాత, నెమ్మదిగా గంభీరంగా పలికే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఉన్న కారు ఎంత దూరమైనా తీసుకెళ్ళాలనిపిస్తుంది, అదీ అసలు విషయం.

ఇక్కడ నేను చెప్పేదంతా 1932 ఫోర్డ్ గురించి, అంటే హాట్ రాడ్ వాళ్ళు డ్యూస్ అని పిలుచుకునే బండి, ఫెండర్లు (మడ్‌గార్డులు) తీసేసిన హైబాయ్, పైకప్పు లేని రోడ్‌స్టర్ గానీ పైకప్పున్న కూపే గానీ, లోపల స్మాల్ బ్లాక్ షెవీ 350 (షెవర్లే వాళ్ళ 350 క్యూబిక్ ఇంచుల వీ8), వెనక ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అమెరికాలో అందరికంటే ఎక్కువగా కనపడే కాంబినేషన్ ఇదే, డాలస్‌లోనో డెట్రాయిట్‌లోనో ఉంటూ గ్యారేజీలో ఇలాంటి ప్రాజెక్ట్ మొదలుపెట్టిన మనవాళ్ళకి కూడా ముందు దొరికేది ఇదే. మీది ఫోర్డ్ మోడల్ ఎ అయినా, 1934 అయినా పద్ధతి మారదు, కొలతలు మారతాయి అంతే.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, నిశ్శబ్దం చివర్లో కొనే మఫ్లర్‌తో, అంటే మన సైలెన్సర్‌తో, రాదు, పైపు ఎక్కడినుంచి ఎక్కడికి ఎలా వెళ్తుందో నిర్ణయించిన రోజే వస్తుంది. అందం కూడా అంతే. పెద్ద మఫ్లర్‌కి చోటు ముందే అట్టిపెట్టుకున్నవాడి కారు నెమ్మదిగా ఉంటుంది, అంతా అయిపోయాక మిగిలిన సందులో పట్టే మఫ్లర్ వెతుక్కున్నవాడి కారు అరుస్తుంది, ఆ మఫ్లర్ కూడా ఛాసిస్ రైలు (పక్కన పొడవునా ఉండే ఇనుప దూలం) కింద వేలాడుతూ కనపడుతుంది.

చప్పుడు ఎందుకు వస్తుందో ముందు తెలుసుకోండి

షెవీ 350 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-8-4-3-6-5-7-2. బేసి నంబర్లు డ్రైవర్ వైపు, సరి నంబర్లు ప్యాసెంజర్ వైపు. ఇంజిన్ మొత్తంగా చూస్తే క్రాంక్ షాఫ్ట్ తిరిగే ప్రతి 90 డిగ్రీలకి ఒక సిలిండర్ పేలుతుంది, చక్కగా సమానంగా. కానీ డ్రైవర్ వైపు పైపులో మాత్రమే చెవి పెట్టి విన్నామనుకోండి, 1 పేలాక 270 డిగ్రీలు ఆగి 3, ఆ తర్వాత 180కి 5, వెంటనే 90కే 7, మళ్ళీ 180కి 1. అంటే ఒక పెద్ద ఖాళీ, ఒకచోట రెండు వెంటవెంటనే. అవతలి వైపు కూడా 8, 4 అలాగే ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తాయి. ఈ ఎగుడు దిగుడు వల్లే వీ8కి ఆ గుడగుడ శబ్దం, మనకి ఇష్టమైనదీ అదే, తలనొప్పి తెచ్చేదీ అదే.

హైవే మీద 2000 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే ఇంజిన్ మొత్తం సెకనుకి 133 సార్లు పేలుతుంది, ఒక్కో వైపు అందులో సగం, 67. కూపే లోపల తల పట్టేసినట్టుండే ఆ హోరు, ఇక్కడివాళ్ళు డ్రోన్ అంటారు, ఎక్కువగా ఈ రెండు చోట్లే ఉంటుంది. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వాటితో పనుంది.

ఫ్లాట్‌హెడ్, అంటే ఫోర్డ్ పాత వీ8, ఉన్నవాళ్ళకి ఒక మాట: 1932లో వచ్చిన ఆ 221 క్యూబిక్ ఇంచుల వీ8కి 65 హార్స్‌పవరే, మధ్య రెండు సిలిండర్లకి ఒకే ఎగ్జాస్ట్ రంధ్రం, వైపుకి మూడే పోర్టులు. పవర్ తక్కువ కాబట్టి అంగుళం ముప్పావు, మహా అయితే రెండు అంగుళాల పైపు సరిపోతుంది, నెమ్మది చేయడం కూడా తేలికే.

ఏం కొనాలి

పైపు సైజు దగ్గర ఆశపడొద్దు. 300 హార్స్‌పవర్ లోపు 350కి వైపుకి రెండుంబావు అంగుళాలు చాలు, ఇంకాస్త గట్టి ఇంజిన్ అయితే రెండున్నర. మూడు అంగుళాలు వేస్తే పవర్ పెరగదు, హోరు పెరుగుతుంది, పైగా డ్యూస్ ఛాసిస్‌లో అది పట్టేచోటే ఉండదు.

లోహం సంగతి. అల్యూమినైజ్డ్ స్టీల్ చవక, 16 గేజ్ తీసుకుంటే మిగ్ వెల్డింగ్‌తో హాయిగా అతుకుతుంది, కాకపోతే వెల్డ్ చేసినచోట పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ హీట్ పెయింట్ వేసుకోవాల్సిందే. 304 స్టెయిన్‌లెస్ చూడ్డానికి అద్భుతం, తుప్పు భయం లేదు, కానీ వేడికి స్టీల్ కంటే ఎక్కువ సాగుతుంది. రెండున్నర మీటర్ల లైన్ 300 డిగ్రీలు వేడెక్కితే స్టెయిన్‌లెస్ దాదాపు 13 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, మామూలు స్టీల్ 9. అర అంగుళం ఎటు పోవాలో దారి మీరు చూపించకపోతే అదే చూసుకుంటుంది, వెల్డ్‌లు చిట్లేది అక్కడే.

వంపులు మాండ్రెల్ బెండ్‌లే తీసుకోండి, అంటే వంచినచోట కూడా పైపు గుండ్రంగానే ఉండేవి. మూల మీది మఫ్లర్ షాపులో మెషీన్‌తో నొక్కి వంచే పైపు లోపలివైపు ముడతలు పడి నలిగిపోతుంది, గాలి సంగతి వదిలేసినా బయటికి కనపడే పైపు అలా ఉంటే కారు మొత్తం అందం పోతుంది. రెండు మూడు యూ బెండ్‌లు, నాలుగైదు 90లు, రెండు 45లు, మూడు తిన్నటి పైపులు తెచ్చుకుంటే సగటు డ్యూస్‌కి పని మొదలుపెట్టొచ్చు.

మఫ్లర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గ్లాస్‌ప్యాక్ అంటే చిల్లుల గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ కూరిన డబ్బా, సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి రైలు పక్కన దాచడం సులువు, అందుకే హాట్ రాడ్ వాళ్ళకి అంత ఇష్టం. కానీ ఆ కూరిన ఫైబర్ ఏళ్ళ తరబడి వేడికి కాలి ఎగిరిపోతుంది, కొన్నప్పుడు బానే ఉన్నది పోనుపోను గట్టిగా అరుస్తుంది. ఛాంబర్ల మఫ్లర్లలో ఫైబర్ ఉండదు, లోపల గోడలకి కొట్టుకుని శబ్దం శబ్దాన్ని చంపుకుంటుంది, బయట బావుంటుంది గానీ కూపే లోపల హోరు తరచుగా వీటితోనే వస్తుంది. మూడోది టర్బో మఫ్లర్, 1960ల మొదట్లో టర్బో ఇంజిన్ ఉన్న కార్వేర్‌కి వాడిన డిజైన్ నుంచి వచ్చిన పేరు, గాలి లోపల ఎస్ ఆకారంలో తిరిగి బయటికొస్తుంది. నెమ్మది కావాలంటే నా ఓటు దీనికే.

ఏ రకమైనా చివరికి లెక్క సైజుదే. 4 బై 9 అంగుళాల కోడిగుడ్డు ఆకారం, 14 అంగుళాల పొడుగు ఉన్న డబ్బాలో సుమారు ఆరున్నర లీటర్ల చోటుంది. 4 అంగుళాల గుండ్రటి గ్లాస్‌ప్యాక్ 18 అంగుళాల పొడుగున్నా నాలుగు లీటర్లు కూడా రాదు. మీ ఇంజిన్ 5.7 లీటర్లు, అంత గాలిని నాలుగు లీటర్ల డబ్బాలో నెమ్మది చేయమంటే అది మాత్రం ఏం చేస్తుంది. నేనైతే మధ్యలో వైపుకొక ఓవల్ టర్బో మఫ్లర్, వెనక యాక్సిల్ దాటాక వైపుకొక 12 అంగుళాల చిన్న రెజొనేటర్, ఈ జోడీ చెప్తాను. ఒకే పెద్ద మఫ్లర్ కంటే రెండు చోట్ల రెండు ఉంటే చాలా తేడా తెలుస్తుంది, మొదటిది బరువైన శబ్దాన్ని తీస్తే రెండోది మిగిలిన గరగరని తీసేస్తుంది.

రంపం పట్టుకునే ముందు

కారు అన్ని సామాన్లతో ఉండాలి, ఇది చాలామంది దాటవేసే మెట్టు. ఇంజిన్, గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, స్టీరింగ్ షాఫ్ట్, బ్రేక్ లైన్లు, పెట్రోల్ లైన్, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు, ఫ్లోర్ అన్నీ బిగించి ఉన్నాకే ఎగ్జాస్ట్ మొదలుపెట్టాలి. ఖాళీ ఛాసిస్ మీద పైపు ఎక్కడైనా పడుతుంది, తర్వాత బ్రేక్ లైన్ వేద్దామంటే దారుండదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఛాసిస్‌ని స్టాండ్ల మీద లెవెల్‌గా పెట్టండి, వెనక యాక్సిల్ కింద జాకీ పెట్టి కారు రోడ్డు మీద నిలబడినప్పుడు ఉండే ఎత్తుకి తీసుకురండి. యాక్సిల్ వేలాడుతుండగా పైపు వేస్తే అక్కడ బోలెడు చోటున్నట్టు కనపడుతుంది, కారు దించగానే ఆ చోటు మాయం. ఆ తర్వాత జాకీతో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (యాక్సిల్ ఇక పైకి పోకుండా ఆపే రబ్బరు ముక్క) తగిలేదాకా పైకెత్తి, ఏ భాగం ఎక్కడిదాకా వస్తోందో ఛాసిస్ మీద చాక్‌పీస్‌తో గీసుకోండి. పాన్‌హార్డ్ బార్ (యాక్సిల్ పక్కకి జారకుండా పట్టే అడ్డ కడ్డీ) ఉంటే యాక్సిల్ పైకెళ్తూ కాస్త పక్కకి కూడా జరుగుతుంది, అది కూడా గీయండి.

డ్యూస్‌లో ఏ వైపు ఏం అడ్డమొస్తుందో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. డ్రైవర్ వైపు ఇరుకు ఎక్కువ: స్టీరింగ్ షాఫ్ట్, బ్లాక్ వెనకవైపు ఆయిల్ ఫిల్టర్, ఫ్లోర్ కింద బ్రేక్ పెడల్‌తో పాటు బ్రేక్ ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్. ప్యాసెంజర్ వైపు స్టార్టర్ ఒక్కటే పెద్ద అడ్డు. అందుకని ఎప్పుడూ డ్రైవర్ వైపు ముందు చేయండి, కష్టమైనవైపు ఏ దారి కుదిరిందో దాన్నే రెండోవైపు అద్దంలో చూసినట్టు దించండి. సులువైన వైపు ముందు చేసి మురిసిపోతే రెండోవైపు అది కుదరదు, రెండు పైపులు రెండు రకాలుగా కనపడతాయి, కింద వంగి చూసే ప్రతి హాట్ రాడ్ మనిషికీ మొదట తెలిసేది అదే.

మాస్టర్ సిలిండర్ విషయంలో రాజీ వద్దు. డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే పాయింటు కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పీల్చాక ఆ కనీసం 140కి పడిపోతుంది. పైపు దాని పక్కనే రెండు వేళ్ళ దూరంలో పోతుంటే దిగుడు రోడ్డులో పెడల్ మెత్తగా లోపలికి పోవడం ఖాయం. మధ్యలో గాలి ఆడే సందు వదిలి ఒక రేకు షీల్డ్ తప్పనిసరి, పెట్రోల్ లైన్ అయితే అసలు ఆ వైపు రైలులోనే వద్దు.

తీగతో దారి గీయడం

మొదటి చివర మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌కి బిగించి పొగని పోగుచేసే గొట్టం, అది కదలదు. రెండో చివర టిప్, అంటే పైపు వెనక మూతి, అది ఎక్కడ కనపడాలో మీ ఇష్టం. మూడోది మఫ్లర్. ఈ మూడింటినీ ముందు స్థిరం చేసుకుని, మధ్యలో పైపు నడవాలి.

మానిఫోల్డ్‌కి నా సలహా పాత షెవీ రామ్స్ హార్న్ పోత ఇనుప మానిఫోల్డ్‌లే, పొట్టేలు కొమ్ముల్లా వంగి మధ్యలో కిందకి దిగేవి. కార్వెట్‌కి వచ్చినవాటిలో రెండున్నర అంగుళాల నోరున్నవి దొరుకుతాయి. పోత ఇనుము మందం కాబట్టి ఇంజిన్ పక్కన వచ్చే టకటకని బయటికి రానివ్వదు, సన్నటి గొట్టాల హెడర్లు ఆ శబ్దాన్ని గంటలా మోగిస్తాయి. స్టీరింగ్ షాఫ్ట్‌కి కూడా ఇవే చోటిస్తాయి. చూడ్డానికి పాతకాలం కళ కూడా ఉంది, హెడర్ల వల్ల వచ్చే ఆ కాస్త పవర్ రోడ్డు మీద నడిపే కారులో మీకు తెలియనే తెలియదు.

ఇంజిన్ పక్కనుంచి బయటికి కనపడే, చివర మూత ఉండే లేక్స్ పైపులు కావాలంటే కూడా దారి ఉంది. 1930లలో కాలిఫోర్నియాలో మురాక్, ఆ తర్వాత ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన చెరువుల్లో పందేలు నడిపేవాళ్ళు, ఎస్‌సీటీఏ అనే సంస్థ 1937లో పుట్టింది ఆ పందేల కోసమే. రోడ్డు మీద మూత పెట్టుకుని వచ్చి, అక్కడ మూత విప్పి వదిలేవాళ్ళు. ఇప్పటికీ అలా చేయొచ్చు, పక్కకి తీసిన హెడర్‌కి చివర మూత, కింద నుంచి అసలు లైన్ మఫ్లర్‌కి. అయితే ఆ మూత దగ్గర గ్యాస్కెట్ మంచిది వేయండి, వెంట్రుకంత సందున్నా టిక్ టిక్ అని మోగుతూనే ఉంటుంది.

మఫ్లర్ ఎక్కడ? గేర్‌బాక్స్‌కి వెనక, డ్రైవ్‌షాఫ్ట్‌కి ఆ పక్క ఈ పక్క, రైలుకి లోపల, సీటు కింద ఫ్లోర్ ఉన్నచోట. కొత్తగా తయారైన డ్యూస్ ఛాసిస్‌ల మధ్యలో ఎక్స్ మెంబర్‌కి (రెండు వైపుల రైలు దూలాల్ని కలిపే ఎక్స్ ఆకారపు ముక్కకి) చాలావాటిలో పైపు దూరే దారి ముందే పెట్టి ఉంటారు, ఆ దారిని వాడుకోండి, దాని కింద నుంచి వేలాడదీయొద్దు. పక్కనుంచి చూస్తే రైలు కింది అంచు కంటే దిగువన ఏదీ కనపడకూడదు, ఎందుకంటే ఫెండర్లు లేని డ్యూస్‌కి ఆ రైలు గీతే అందం. ఓవల్ మఫ్లర్‌ని పడుకోబెట్టి పెడితే 4 అంగుళాల ఎత్తే, ఇట్టే దాక్కుంటుంది.

ఇప్పుడు వెల్డింగ్ రాడ్డు గానీ మందపాటి తీగ గానీ తీసుకుని మానిఫోల్డ్ నోటి మధ్యలోంచి మఫ్లర్ దాకా, అక్కణ్ణించి టిప్ దాకా వంచుకుంటూ వెళ్ళండి. ఈ తీగ పైపు మధ్య గీత అన్నమాట. పైపు వ్యాసంలో సగం, దానికి ముప్పావు అంగుళం కలిపి, అంత దూరం తీగ చుట్టూ ఎక్కడైనా ఉందా లేదా అని చెక్కముక్కతో చూసుకుంటూ పోండి. ఫ్లోర్ దగ్గర కనీసం అంగుళం, పైన షీల్డ్ కూడా పడుతుంది కాబట్టి ఇంకాస్త ఉన్నా మంచిదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ డ్రైవర్ వైపు పైకి లేస్తుంది, కాబట్టి ఆ వైపు మానిఫోల్డ్‌కీ స్టీరింగ్ షాఫ్ట్‌కీ మధ్య ఇంకో అర అంగుళం ఎక్కువ వదలండి.

ఈ తీగ దగ్గర ఒక సాయంత్రం మొత్తం పోయినా బాధపడకండి. కారు కింద పడుకుని, బయటికొచ్చి, పది అడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని చూసి, మళ్ళీ కిందకెళ్ళి వంచండి. తీగ వంచడానికి డబ్బులు అవ్వవు.

కోయడం

వంపు ముక్క కోసే లెక్క ఒకసారి అర్థమైతే జీవితాంతం పనికొస్తుంది. రెండుంబావు అంగుళాల పైపు, వంపు మధ్య గీత రేడియస్ 3.375 అంగుళాలు అనుకుందాం. వంపు లోపలి అంచు రేడియస్ 2.25, బయటి అంచు 4.5. మీకు 30 డిగ్రీల ముక్క కావాలి. ఒక డిగ్రీకి ఎంత అంటే రేడియస్‌ని 0.01745తో గుణించడమే, అలా చేస్తే 30 డిగ్రీలకి లోపలి అంచు మీద 1.18 అంగుళాలు, బయటి అంచు మీద 2.36. టేపుతో ఈ రెండూ గుర్తు పెట్టి, రెండు గుర్తులనీ కలుపుతూ పైపు చుట్టూ సన్నటి మాస్కింగ్ టేప్ బిగుతుగా చుట్టండి. టేప్ ముడత పడకుండా తనంతట తను చుట్టుకుందంటే కోత వంపుకి సరిగ్గా అడ్డంగా ఉన్నట్టు, కోసిన నోరు గుండ్రంగా వస్తుంది. ముడత పడుతోందంటే ఏదో ఒక గుర్తు తప్పు, మళ్ళీ కొలవండి. ఏటవాలుగా కోస్తే నోరు కోడిగుడ్డులా వస్తుంది, గుండ్రటి పైపుకి అది అతకదు, అతికినా మెట్టు కనపడుతుంది.

బ్యాండ్ సా ఉంటే శ్రేష్ఠం, లేకపోతే గ్రైండర్‌కి సన్నటి కటింగ్ డిస్క్. కోశాక అంచుని ఫ్లాప్ డిస్క్‌తో చదును చేసి, లోపలి బిరుసుని అరగదీసి, రెండు ముక్కలు ఎదురెదురు పెట్టి లైటు వెనకనుంచి వేసి చూడండి, వెలుగు గీత రాకూడదు. స్టెయిన్‌లెస్‌కి ఇది మరీ ముఖ్యం, సందుని రాడ్డుతో నింపుదామంటే పైపు వంకర తిరుగుతుంది.

మానిఫోల్డ్ దగ్గర మొదలుపెట్టి ముక్క తర్వాత ముక్క కారు మీదే పెట్టి మూడు నాలుగు చోట్ల టాక్ (చిన్న చుక్క వెల్డ్) వేసుకుంటూ వెనక్కి వెళ్ళండి. టాక్ వేసేముందు బ్యాటరీ వైరు ఊడదీయండి, పెట్రోల్ ట్యాంకు దగ్గర పని ఉంటే ట్యాంకు దించేయండి, డ్యూస్‌లో ట్యాంకు వెనకే ఉంటుంది. ఎర్త్ క్లాంపు మీరు అతుకుతున్న పైపుకే పెట్టాలి, ఛాసిస్‌కి ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

పైపు రైలు పక్కన పోయేచోట రైలుకి సమాంతరంగా ఉండాలి, ఇది అందం మొత్తానికి మూలం. చిన్న చిన్న వంకర్లు పది పెట్టేకంటే ఒక మంచి వంపు, ఆ తర్వాత పొడుగాటి తిన్నటి పైపు ఎప్పుడూ బావుంటుంది, గాలికీ మంచిదే, కంటికీ మంచిదే.

రెండు వైపుల్ని కలపడం

పైన 67 అని చెప్పాను కదా, దానికి మందు ఇదే. రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక గొట్టం వేస్తే, దాన్నే హెచ్ పైప్ అంటారు, ఒకవైపు ఖాళీ వచ్చినప్పుడు రెండోవైపు గాలి అటు పోతుంది, ఎగుడు దిగుడు సర్దుకుంటుంది, ఆ బరువైన కొట్టుడు తగ్గుతుంది. ఎక్స్ పైప్ అయితే రెండూ ఒకచోట పూర్తిగా కలిసి విడిపోతాయి, శబ్దం కొంచెం సన్నబడి రేసు కారులా పలుకుతుంది. పాత కారుకి ఆ సన్నటి గొంతు నప్పదు అని నా అభిప్రాయం, హెచ్ పైప్ లోతుగా నెమ్మదిగా ఉంచుతుంది.

ఎక్కడ వేయాలో కనుక్కోడానికి పాతకాలం చిట్కా ఒకటుంది. మానిఫోల్డ్ తర్వాత తిన్నటి పైపు మీద పొడవునా మామూలు స్ప్రే పెయింట్ గీత కొట్టి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, ఆ పెయింట్ కాలడం ఎక్కడ ఆగిందో అక్కడ అడ్డగొట్టం పెట్టేవాళ్ళు. డ్యూస్‌లో మీకు అంత స్వేచ్ఛ ఉండదు, గేర్‌బాక్స్ వెనక, ఎక్స్ మెంబర్ తర్వాత, మఫ్లర్లకి ముందు ఎక్కడ పడితే అక్కడే. రెండుంబావు లైన్‌కి రెండు అంగుళాల అడ్డగొట్టం చాలు. డ్రైవ్‌షాఫ్ట్ తిరిగేచోటికి దూరంగా ఉండాలి, మధ్యలో వీ బ్యాండ్ క్లాంపు (సులువుగా ఊడదీయగల పట్టీ) పెట్టాలి, లేదంటే రేపు గేర్‌బాక్స్ దించాలంటే ఎగ్జాస్ట్ మొత్తం కోయాల్సి వస్తుంది.

అలాగే మఫ్లర్‌కి ముందొకటి వెనకొకటి వీ బ్యాండ్ పెట్టుకోండి. మామూలు యూ క్లాంపు పైపుని నొక్కేస్తుంది, తర్వాత ఊడదీయడం నరకం.

హ్యాంగర్లు, యాక్సిల్, టిప్

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు. ఎగ్జాస్ట్ ఈ రెండింటికీ గట్టిగా బిగిస్తే ఇంజిన్ వణుకంతా ఛాసిస్‌కి, అక్కణ్ణించి మీ వీపుకి. కాబట్టి మొదటి ఆధారం గేర్‌బాక్స్‌కే తగిలించాలి, ఆ తర్వాతవి రబ్బరు హ్యాంగర్లు, మూడు నాలుగు అడుగులకి ఒకటి. గేర్‌బాక్స్ తర్వాత వైపుకొక ఫ్లెక్స్ ముక్క వేస్తే ఇంకా మంచిది, మనం అనుకున్న ఆ అర అంగుళం సాగుదల కూడా అందులో కలిసిపోతుంది. హ్యాంగర్ రాడ్లు ముందు వెనకకి కదిలేలా ఉండాలి, చల్లగా ఉన్నప్పుడు కొంచెం ముందుకి వాలి ఉంటే వేడెక్కాక నిలువుగా నిలబడతాయి.

చాలా కార్లలో నెమ్మదిగా ఉన్నా లోపల గుయ్‌మనే వణుకు వస్తుంటే తప్పు మఫ్లర్‌ది కాదు, ఎక్కడో పైపు ఛాసిస్‌కి తగులుతోంది, లేదా హ్యాంగర్‌లో రబ్బరే లేదు.

వెనక యాక్సిల్ దగ్గర పైపు పైనుంచే పోవాలి, మీరు చాక్‌పీస్‌తో గీసిన గీతలకి అంగుళం పైన. ఫోర్ లింక్ బార్లు (యాక్సిల్‌ని పట్టుకునే కడ్డీలు), షాక్‌లు, టైరు లోపలి అంచు అన్నీ చూసుకోండి. కొందరు ఈ కష్టం పడలేక వెనక చక్రానికి ముందే, డోర్ కింద పైపు ఆపేస్తారు, నేను వద్దంటాను. చప్పుడు మీ చెవి పక్కే ఉంటుంది, పైగా పొగ. రోడ్‌స్టర్ కదులుతుంటే వెనక గాలి సుడి తిరిగి లోపలికి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, తలనొప్పి వచ్చేదాకా తెలియదు. పైపు బాడీ దాటి వెనక్కి రావాల్సిందే, ఫ్లోర్‌లో ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రొమెట్ ఉండాల్సిందే.

డ్యూస్ వెనక రెండు రైలు కొమ్ముల మధ్య పెట్రోల్ ట్యాంకు అందంగా కనపడుతుంది, కొంతమంది వెనక క్విక్‌చేంజ్ యాక్సిల్ (గేర్ నిష్పత్తి త్వరగా మార్చుకునే వీలున్నది) పెట్టుకుని అది కనపడాలని ఆశపడతారు. టిప్‌లు వాటికి అడ్డురాకుండా రెండు చివర్లకీ, రెండూ నేలనుంచి ఒకే ఎత్తులో, ఒకే దూరం బయటికి. చివర కొంచెం కిందకి వంగిన టిప్ అయితే శబ్దం నేల వైపు పోతుంది, వెనక నిలబడ్డవాళ్ళ చెవికి నేరుగా తగలదు. పెద్ద మెరుపు టిప్‌లు ఈ కారుకి నప్పవు, పైపు సైజుకి పావు అంగుళం మించని, అంచు లోపలికి మడిచిన సాదా టిప్ చాలు. టిప్‌లు చివరి టాక్ వేసేముందు కారుని నేల మీదకి దించి, పది అడుగుల వెనక నిలబడి చూడండి.

పూర్తి వెల్డింగ్, మొదటి పరుగు

అంతా టాక్‌ల మీద నిలబడ్డాక ఫ్లాంజ్‌ల దగ్గర విడదీసి బల్ల మీద పూర్తి వెల్డ్ వేయండి, ఒకేచోట చుట్టూ తిప్పకుండా ఎదురెదురు పావు భాగాలు వేస్తూ పోతే వంకర తిరగదు. స్టెయిన్‌లెస్‌కి టిగ్, 308ఎల్ రాడ్డు, పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి, లేకపోతే లోపలివైపు నల్లగా గరుకుగా పొంగిపోయి అక్కడే చిట్లుతుంది. స్టెయిన్‌లెస్‌ని మామూలు స్టీల్ ఫ్లాంజ్‌కి అతకాలంటే 309ఎల్. ఆక్సిజన్ సెన్సర్ కావాలంటే 18 మిల్లీమీటర్ల బంగ్ (సెన్సర్ బిగించే మరల రింగు) ఇప్పుడే అతికేయండి, పైపు పైభాగంలో, కింద పెడితే నీళ్ళు చేరతాయి.

నీళ్ళంటే గుర్తొచ్చింది, మఫ్లర్‌కి చిన్న నీటి రంధ్రం ఉంటే అది కిందకి వచ్చేలా బిగించండి, లేకపోతే అతి దిగువన మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి. నెలకోసారి తీసి పది నిమిషాలు తిప్పి లోపల పెట్టే కార్లకి మఫ్లర్ లోపలి నుంచే కుళ్ళిపోతుంది.

లీకు చూడ్డానికి వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు పెట్టి ఒక టిప్‌కి బట్టతో చుట్టి, రెండో టిప్ మూసేసి, అతుకుల మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగ వచ్చినచోట మళ్ళీ వెల్డ్. మానిఫోల్డ్‌లకీ ముందు పైపులకీ సెరామిక్ కోటింగ్ వేయిస్తే వేడి లోపలే ఉంటుంది, రంగు కూడా నిలుస్తుంది. గుడ్డ చుట్టినట్టు చుట్టే హీట్ రాప్ మామూలు స్టీల్ మీద వద్దు, తేమ పట్టుకుని పైపుని తినేస్తుంది.

మొదటిసారి 20 నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ప్రతి బోల్టూ మళ్ళీ బిగించండి. తర్వాత హైవే మీదకి. ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టి హోరు ఎక్కువగా ఉన్న స్పీడులో ఏ నంబరు దగ్గర శిఖరం లేస్తోందో పక్కన కూర్చున్నవాళ్ళని చూడమనండి. 67 చుట్టుపక్కల అయితే అడ్డగొట్టం సరిపోలేదు, దాని సైజు పెంచి చూడండి. 133 చుట్టుపక్కల అయితే జె పైప్ పనిచేస్తుంది, అంటే లైన్‌కి పక్కన అతికి, చివర మూసేసిన ఒక గొట్టం, అందులోకి పోయి తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దానికి ఎదురు తగిలి దాన్ని చంపుతుంది. పొడుగు లెక్క, శబ్దం వేగాన్ని ఫ్రీక్వెన్సీకి నాలుగు రెట్లతో భాగించడమే. మూసిన గొట్టంలో గాలి లైన్‌లో ఉన్నంత వేడిగా ఉండదు, సెకనుకి 400 మీటర్లు అనుకుంటే 133కి 75 సెంటీమీటర్లు, అంటే 30 అంగుళాలు. ముందు 34 అంగుళాలు పెట్టి, చివర మూతని జరుపుకునేలా క్లాంపుతో బిగించి, రోడ్డు మీద రెండు మూడుసార్లు చూసి, హోరు బాగా తగ్గినచోట కోసి మూత వెల్డ్ చేయండి. రైలు లోపలివైపు, మఫ్లర్ పక్కన అది పట్టేస్తుంది.

ఒక పొడుగాటి డ్రైవ్ అయ్యాక ఫ్లోర్ మీద కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి, చెయ్యి పెట్టలేనంత వేడి ఎక్కడుందో అక్కడ కింద రేకు షీల్డ్ ఇంకొకటి, ఫ్లోర్‌కీ దానికీ మధ్య వాషర్లతో కొంచెం సందు వదిలి బిగించండి. కింద పెయింట్ రంగు మారినచోటు కనపడితే అక్కడ కూడా. బ్రేక్ మాస్టర్ సిలిండర్ మూత దగ్గర, స్టార్టర్ వైర్ల దగ్గర ఒకసారి చూసుకుని, ఆ వైర్లకి హీట్ స్లీవ్ తొడిగేయండి, వేడెక్కిన స్టార్టర్ పెట్రోల్ బంకులో మొండికేయకుండా ఉంటుంది.